థైమస్‌లో డెండ్రిటిక్ కణాలు, టీ కణాలు: పుట్టిల్లు ఒకటేనా?

వల్కలం_దవ్వ (#1)

థైమస్ అంటే ఛాతీలో టీ కణాలు ఎదిగే గ్రంథి. పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఈ బొమ్మ కనిపిస్తుంది. ఎముక మజ్జ నుంచి ఒక పూర్వకణం థైమస్‌లోకి వస్తుంది, అక్కడ దానికి రెండు కొమ్మలు. ఒక కొమ్మ చివర టీ కణం, రెండో కొమ్మ చివర డెండ్రిటిక్ కణం (డీసీ; ప్రతిజనకాల్ని, అంటే రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే ముక్కల్ని, టీ కణాలకు చూపించేది). ఈ బొమ్మ వెనక ఉన్నది మెల్‌బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలిజా హాల్ సంస్థలో కెన్ షార్ట్‌మన్ బృందం 1993లో ప్రచురించిన పని. ఎలుక థైమస్‌లో సీడీ4 (సీడీ అంకెలు కణం పైపొర మీది గుర్తు ప్రోటీన్ల పేర్లు) కొద్దిగా మాత్రమే ఉన్న తొలి పూర్వకణాల్ని వేరుచేసి, రేడియేషన్ ఇచ్చిన ఎలుక థైమస్‌లోకి ఎక్కించారు. టీ కణాలూ వచ్చాయి, డీసీలూ వచ్చాయి. అక్కడి నుంచి "ఒకే తల్లి, ఇద్దరు బిడ్డలు" అన్న మాట స్థిరపడింది.

2010 నుంచి వచ్చిన ఫేట్ మ్యాపింగ్ (కణానికి శాశ్వతంగా రంగు వేసి దాని సంతతిని వెతకడం) ఫలితాలు వేరే సంగతి చెబుతున్నాయి. రెండూ ఎలా పొసుగుతాయో తెలిసినవాళ్లు విడమర్చి చెప్పండి. కణాల్ని వేరుచేసేటప్పుడు ఎక్కడ తప్పులు జరుగుతాయో కూడా రాయండి. ఈ విషయంలో సగం గొడవ అక్కడే పుట్టిందని నా నమ్మకం.

నాచ్_ఒకటి (#2)

ముందు టీ కణం దారి చూద్దాం. అది తెలియకపోతే డీసీ ఎక్కడ విడిపోతుందో అర్థం కాదు. నేను చెప్పేది ఎలుక గురించి.

పూర్వకణాలు థైమస్ వల్కలానికీ (బయటి భాగం) దవ్వకీ (లోపలి భాగం) మధ్య సరిహద్దులో ఉన్న రక్తనాళాల గుండా లోపలికి వస్తాయి. నాళం గోడ మీది పీ-సెలెక్టిన్‌ను పట్టుకోవడానికి పీఎస్‌జీఎల్-1, దారి చూపడానికి సీసీఆర్7, సీసీఆర్9 కావాలి. లోపలికి వచ్చాక మొదటి మజిలీ ఈటీపీ (టీ కణాల తొలి పూర్వకణం): సీ-కిట్ బాగా ఎక్కువ, సీడీ44 ఉంటుంది, సీడీ25 ఉండదు. ఇది డీఎన్1 మెట్టులోది (డీఎన్ అంటే సీడీ4, సీడీ8 రెండూ లేని దశ). సీడీ25 వస్తే డీఎన్2. సీడీ44, సీ-కిట్ తగ్గిపోయి సీడీ25 మిగిలితే డీఎన్3. అదీ పోతే డీఎన్4. ఈ నాలుగు మెట్లూ దాటడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, అందులో ఎక్కువ కాలం మొదటి మెట్టు మీదే గడుస్తుంది. డీఎన్1 నుంచి డీఎన్3 దాకా కణాలు సరిహద్దు నుంచి బయటి వైపుకు, థైమస్ పైపొర కిందికి నడుస్తాయి. ఆ దారిలో వల్కలపు ఎపిథీలియల్ కణాల మీది డీఎల్ఎల్4 ప్రోటీన్, పూర్వకణం మీది నాచ్1 గ్రాహకాన్ని అడుగడుగునా తాకుతూ ఉంటుంది.

నాచ్ సంకేతం అందగానే టీసీఎఫ్1, గాటా3 (జన్యువుల్ని నడిపే ప్రోటీన్లు) లేస్తాయి. వాటి తర్వాత బీసీఎల్11బీ. ఇది వెలిగేది డీఎన్2 తొలి భాగం (డీఎన్2ఏ) నుంచి మలి భాగానికి (డీఎన్2బీ) మారేటప్పుడు. అసలు తలుపు పడేది ఇక్కడ. డీఎన్2ఏ ఇంకా డీసీగానో మాక్రోఫేజ్‌గానో మారగలదు, డీఎన్2బీ ఇక మారలేదు.

డీఎన్3లో రాగ్1, రాగ్2 ఎంజైములు టీ కణ గ్రాహకపు (టీసీఆర్) బీటా జన్యువును కోసి అతుకుతాయి. అతుకు చదవదగ్గ చట్రంలో పడి, బీటా గొలుసు ప్రీ-టీ ఆల్ఫాతో జత కట్టి పైపొర మీదికి వస్తే కణం బతికి విభజన మొదలెడుతుంది, లేకపోతే చచ్చిపోతుంది. అక్కడి నుంచి సీడీ4, సీడీ8 రెండూ ఉన్న డీపీ దశ. కుర్ర ఎలుక థైమస్‌లో 80 నుంచి 85 శాతం కణాలు ఇవే. డీపీ ఆయుష్షు మూడు నాలుగు రోజులు. ఆలోగా వల్కలపు ఎపిథీలియం ఎంహెచ్‌సీ అనే ప్రోటీన్ మీద పెట్టి చూపే ఒంటి సొంత పెప్టైడ్‌తో మెత్తగా అతుక్కుంటేనే ముందుకు. ఆ ఎపిథీలియంలో బీటా5టీ అనే ప్రత్యేకమైన ప్రోటియాసోమ్ (ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రం) భాగం ఉంటుంది (2007లో కనుగొన్నారు). సీడీ8 కణాలకు చూపే పెప్టైడ్లను అది వేరే తీరులో కోస్తుంది. ఎవరినీ పట్టుకోలేని డీపీలు ఏ సంకేతమూ అందక చచ్చిపోతాయి, అత్యధిక భాగం గతి అదే. గట్టెక్కినవి సీసీఆర్7 పట్టుకుని దవ్వలోకి వచ్చి, నాలుగైదు రోజులు అక్కడ పరీక్షకు (ఒంటి మీదే దాడి చేసేవాటిని ఏరేయడం) నిలబడి, ఎస్1పీఆర్1 సాయంతో రక్తంలోకి వెళ్లిపోతాయి.

మజ్జ_మూలం (#3)

అయితే నాచ్1 తీసేస్తే టీ కణాలూ పోవాలి, తల్లి ఒకటే అయితే డీసీలూ పోవాలి కదా? అలా జరుగుతుందా?

నాచ్_ఒకటి (#4)

జరగదు. సరిగ్గా ఆ ప్రశ్నే వేసి 2000లో నాచ్1 తీసేసిన ఎలుకల్ని చూశారు. టీ కణాల అభివృద్ధి మొదట్లోనే ఆగిపోయింది, థైమస్‌లో బీ కణాలు పోగుపడ్డాయి, డీసీల సంఖ్య మాత్రం మామూలుగానే ఉంది. అంతకు ముందు ఏడాది, 1999లో, సీ-కిట్, గామా-సీ గొలుసు (పెరుగుదల సంకేతాలు అందుకునే గ్రాహక భాగాలు) రెండూ లేని ఎలుకల్లో థైమోసైట్లు (థైమస్‌లో ఎదుగుతున్న టీ కణాలు) దాదాపు లేకపోయినా డీసీలు కనిపించాయి. రెండు దారులూ విడివిడిగా నడవగలవని అప్పుడే తేలింది.

అలా అని 1993 నాటి పని తప్పనకండి. 2009లో నాచ్1ను పూర్వకణాల్లో తీసేసినప్పుడు టీ కణం కావలసిన ప్రో-టీ కణాలే డీసీలుగా మారాయి. అంటే ఆ శక్తి వాటిలో ఉంది, నాచ్ దాన్ని అణచిపెట్టి ఉంచుతోంది. 2008లో రెండు బృందాలు ఈటీపీకి మైలాయిడ్ శక్తి (మాక్రోఫేజ్ లాంటి కణాలుగా మారే శక్తి) కూడా ఉందని చూపించాయి.

2010లో ఐఎల్-7 గ్రాహకపు ఆల్ఫా గొలుసు జన్యువు దగ్గర క్రీ అనే ఎంజైము జన్యువును పెట్టి, ఒకసారి ఆ జన్యువు వెలిగిన కణానికీ దాని సంతతికీ శాశ్వతంగా రంగు పడేలా చేశారు. టీ కణాలకు రంగు పడింది, ఈటీపీల్లో అధిక భాగానికీ పడింది. థైమస్‌లోని మైలాయిడ్ కణాల్లో చాలా భాగానికి మాత్రం పడలేదు. అంటే కలవరపెట్టని థైమస్‌లో, రోజువారీ నడకలో, అవి ఈటీపీ బిడ్డలు కావు.

నా దృష్టిలో విషయం ఇంతే: ఒక కణం "ఏం కాగలదు" అన్నది వేరు, ఒంట్లో "ఏం అవుతోంది" అన్నది వేరు. రేడియేషన్‌తో ఖాళీ చేసిన థైమస్‌లోకి సూదితో ఎక్కించినా, నాచ్ లేని పాత్రలో పెంచినా తెలిసేది మొదటిదే. రంగు వేసి ఎలుకను ముట్టుకోకుండా వదిలితేనే రెండోది తెలుస్తుంది. ఈ రెండింటినీ ఒకే బాణం గుర్తుతో గీసిన బొమ్మలు పిల్లల్ని తప్పుదోవ పట్టిస్తాయి, ఈ విషయంలో నేను మెత్తబడను.

డీసీ_దారి (#5)

ఒక సవరణ. "థైమస్ డీసీ" అని ఒకే ముద్దగా మాట్లాడితే వాదన తెగదు. ఎలుక థైమస్‌లో కనీసం మూడు రకాలు:

సీడీసీ1 (సాంప్రదాయిక డీసీల్లో మొదటి రకం): సీడీ8 ఆల్ఫా, ఎక్స్‌సీఆర్1 ఉంటాయి, సిర్ప్-ఆల్ఫా ఉండదు. సాంప్రదాయిక డీసీల్లో ఎక్కువ భాగం ఇవే. బ్యాట్ఎఫ్3, ఐఆర్ఎఫ్8 అనే ప్రోటీన్ల మీద ఆధారపడతాయి. ఇవి థైమస్‌లోనే పుడతాయి.

సీడీసీ2 (రెండో రకం): సిర్ప్-ఆల్ఫా ఉంటుంది. రక్తం నుంచి వలస వస్తాయి, రావడానికి సీసీఆర్2 ఉపయోగపడుతుంది. రక్తనాళాల దగ్గర కాచుకుని రక్తంలోని ప్రతిజనకాల్ని పడతాయి.

ప్లాస్మసైటాయిడ్ డీసీ: ఇవీ బయటివే, సీసీఆర్9 పట్టుకుని వస్తాయి, బయటి కణజాలాల ప్రతిజనకాల్ని మోసుకొస్తాయి.

రెండు ఎలుకల రక్తప్రసరణను కలిపి కుట్టిన పారాబయోసిస్ ప్రయోగాలు 2003లోనే ఈ తేడా చూపించాయి. ఒక జాతి డీసీ రెండో ఎలుక నుంచి ధారాళంగా వచ్చింది, సీడీ8 ఆల్ఫా ఉన్న జాతి మాత్రం చాలా తక్కువ వచ్చింది. కాబట్టి "పుట్టిల్లు ఒకటేనా" అన్న ప్రశ్న నిజానికి సీడీసీ1 ఒక్కదానికే వర్తిస్తుంది. దానికి జవాబు 2011లో వచ్చింది: దాని తొలి పూర్వకణం డీఎన్1సీ అనే మైలాయిడ్ తరహా కణం, ఈటీపీ కాదు. డీఎన్1 గేటులోనే (గుర్తుల్ని బట్టి కణాల్ని ఏరడానికి గీసే హద్దు) పక్కపక్కన కూర్చుంటాయి కాబట్టి ఇన్నాళ్లూ ఒకటే అనుకున్నారు.

పని సంగతి కూడా చెప్పాలి. దవ్వలోని ఎపిథీలియం ఎయిర్ ప్రోటీన్ సాయంతో ఇన్సులిన్ లాంటి కణజాల ప్రతిజనకాల్ని కొద్దికొద్దిగా తయారుచేస్తుంది. కానీ ఒక్కో ప్రతిజనకం నూటికి ఒకటి నుంచి మూడు కణాల్లోనే ఉంటుంది. నాలుగైదు రోజుల్లో ఒక టీ కణం ఆ అరుదైన కణాన్నే వెతికి పట్టుకోవాలంటే కష్టం. ఇక్కడే డీసీ అక్కరకొస్తుంది: ఎపిథీలియం నుంచి ప్రతిజనకాన్ని అందుకుని పదిమందికి చూపిస్తుంది. 2004లో ఈ అప్పగింత స్పష్టంగా తేలింది. సీడీసీ1 దవ్వలో కుదురుకోవడానికి ఎపిథీలియం ఎక్స్‌సీఎల్1 వదులుతుంది, దానికీ ఎయిర్ కావాలి (2011). ఎయిర్ జన్యువు పాడైన మనుషుల్లో ఏపీఈసీఈడీ జబ్బు వస్తుంది: పారాథైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు దెబ్బతింటాయి, నోట్లో కాండిడా వదలకుండా పట్టుకుంటుంది.

ఫ్లో_గేటు (#6)

ఇక చేతిపని. వల్కలం_దవ్వ గారు అన్నట్టు సగం గొడవ ఇక్కడిదే.

4 నుంచి 6 వారాల ఎలుక థైమస్‌లో 10 నుంచి 20 కోట్ల కణాలుంటాయి. డీసీలు అర శాతానికి మించవు. టీ కణాల కోసం జల్లెడ మీద నలిపితే చాలు. డీసీల కోసం అలా చేస్తే ఎక్కువ భాగం జల్లెడ మీద మిగిలే పీచులోనే ఉండిపోతుంది, ఆ పీచును పారేస్తారు, డీసీలు తక్కువున్నాయని రాస్తారు.

పద్ధతి ఇది. థైమస్‌ను కత్తెరతో మెత్తగా తరిగి, 2-3 శాతం సీరం ఉన్న మాధ్యమంలో కొలాజినేజ్ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, డీఎన్ఏజ్1 మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు కలిపి, గది ఉష్ణోగ్రత దగ్గర 20-25 నిమిషాలు వెడల్పు మూతి పిపెట్‌తో మెల్లగా పీలుస్తూ వదులుతూ ఉండాలి. చివరి 5 నిమిషాలకు 0.1 మోలార్ ఈడీటీఏ, పీహెచ్ 7.2, పదో వంతు పరిమాణంలో పోయాలి.

ఆ ఈడీటీఏ ఎందుకంటే, థైమస్ డీసీ ఒంటరిగా ఉండదు. సూక్ష్మదర్శినిలో చూస్తే మధ్యలో కొమ్మలు చాచిన పెద్ద కణం, దాని చుట్టూ ద్రాక్షగుత్తిలా చిన్న చిన్న థైమోసైట్లు అంటుకుని ఉంటాయి. ఆ అతుకుకు కాల్షియం, మెగ్నీషియం కావాలి. ఈడీటీఏ వాటిని లాగేస్తే గుత్తి విడిపోతుంది. విడదీయకుండా ఫ్లో సైటోమీటర్ యంత్రంలో (కణాల గుర్తుల్ని ఒక్కొక్కటిగా చదివేది) పెడితే సీడీ11సీ, సీడీ4, సీడీ8 మూడూ ఉన్న "కొత్త జాతి" కనిపిస్తుంది. అది జాతి కాదు, గుత్తి. ఎఫ్ఎస్‌సీ (కణం పరిమాణాన్ని చెప్పే కాంతి సంకేతం) వైశాల్యానికీ ఎత్తుకూ ప్లాట్ గీసి ఒంటి కణాల గేటు తప్పకుండా పెట్టండి.

వరస తప్పితే ఇంకో ఇబ్బంది. కొలాజినేజ్‌కు కాల్షియం కావాలి, డీఎన్ఏజ్‌కు మెగ్నీషియం, కాల్షియం కావాలి. ఈడీటీఏ ఉన్న బఫర్‌లోనే ఎంజైములు కలిపితే రెండూ మూగబోతాయి. చచ్చిన కణాల డీఎన్ఏ జిగురులా తేలుతుంది, కణాలన్నీ దానికి చుట్టుకుని 70 మైక్రాన్ల జల్లెడ మీదే ఆగిపోతాయి.

తర్వాత తేలిక కణాల్ని వేరుచేయడం: నైకోడెంజ్ ద్రావణం, సాంద్రత 1.077, 4 డిగ్రీల దగ్గర, 1700 జీ, 10 నిమిషాలు, పై పొర తీసుకోవాలి. ఎలుకకు ఆస్మోలారిటీ (కరిగి ఉన్న పదార్థాల గాఢత) 308 ఉండాలి. మనిషి రక్తం కోసం తయారైన ద్రావణం 280-290 దగ్గర ఉంటుంది. అందులో ఎలుక కణాలు ఉబ్బి తేలికవుతాయి, డీసీల పొరలోకి థైమోసైట్లు వచ్చి పడతాయి.

అన్నిటికన్నా పెద్ద తప్పు: టీ కణాల్ని తీసేద్దామని యాంటీ-సీడీ8 ఆల్ఫా, యాంటీ-థై1 పూసల్తో (ఆ గుర్తుల్ని పట్టుకునే ప్రతిరక్షకాలు అంటించినవి) కడగడం. సీడీసీ1 మీద సీడీ8 ఆల్ఫా దాని సొంతమే, ఆల్ఫా-ఆల్ఫా జతగా ఉంటుంది. ఇంకా థైమస్ డీసీలు చుట్టూ ఉన్న థైమోసైట్ల నుంచి థై1, సీడీ4, సీడీ8 బీటా లాంటి పైపొర ముక్కల్ని అంటించుకుంటాయి. ఆ పూసలతో కడిగితే వెతుకుతున్న కణాల్నే పారబోసినట్టు. తీసేయడానికి యాంటీ-సీడీ3 వాడితే నష్టం తక్కువ.

గేటు: ముందు చచ్చిన కణాల రంగు, ఒంటి కణాలు, సీడీ16/32 అడ్డు (ప్రతిరక్షకాలు తప్పు చోట అంటకుండా). సీడీ11సీ ఎక్కువ, ఎంహెచ్‌సీ-2 ఎక్కువ ఉన్నవాటిని ఎక్స్‌సీఆర్1, సిర్ప్-ఆల్ఫాలతో విడదీయండి. ప్లాస్మసైటాయిడ్‌కు సీడీ11సీ మధ్యస్థం, బీ220, సిగ్లెక్-హెచ్. సీడీ19 మర్చిపోవద్దు, థైమస్‌లో బీ కణాలూ ఉంటాయి, బీ220 ఒక్కదాన్నే నమ్ముకుంటే అవి ప్లాస్మసైటాయిడ్ గేటులోకి జొరబడతాయి.

కొత్త_స్లైడు (#7)

డీఎన్1, అంటే సీడీ44 ఉండి సీడీ25 లేనివి, మొత్తం కణాల్లో 0.5 శాతం కనిపిస్తే వాటిని ఈటీపీ అని రాయొచ్చా అండీ?

ఫ్లో_గేటు (#8)

రాయకూడదు. ఈటీపీలు మొత్తంలో 0.01 శాతం స్థాయిలో ఉంటాయి. మీ గేటులో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఎన్‌కే కణాలు, బీ కణాలు, డీసీలు, మాక్రోఫేజ్‌లు, గామా-డెల్టా టీ కణాలు. అన్నిటికీ సీడీ44 ఉంటుంది మరి.

వంశ గుర్తుల మిశ్రమంలో (అక్కర్లేని కణాల్ని పక్కకు తీసే ప్రతిరక్షకాలు) సీడీ3, సీడీ8 ఆల్ఫా, టీసీఆర్ బీటా, టీసీఆర్ గామా-డెల్టా, సీడీ19, బీ220, ఎన్‌కే1.1, సీడీ11బీ, సీడీ11సీ, జీఆర్-1, టెర్-119 అన్నీ వేసి, మిగిలినవాటిని సీ-కిట్, సీడీ24ల మీద చూడండి. సీ-కిట్ బాగా ఉండి సీడీ24 లేనిది డీఎన్1ఏ, కొద్దిగా ఉన్నది డీఎన్1బీ. ఈ రెండే ఈటీపీ. సీ-కిట్ మధ్యస్థం, సీడీ24 ఎక్కువ ఉన్నది డీఎన్1సీ, #5లో డీసీ_దారి గారు చెప్పిన కణం. సీ-కిట్ లేనివి డీఎన్1డీ, డీఎన్1ఈ. 2004లో ఇలా ఐదుగా విడగొట్టారు. డీఎన్1సీ కోసమే వెతుకుతుంటే మిశ్రమంలో సీడీ11సీ వేయకండి, వేరే రంగులో పెట్టండి, లేకపోతే డీసీ వైపు నడుస్తున్న కణాలే కొట్టుకుపోతాయి. సీ-కిట్‌కు బాగా మెరిసే రంగు కేటాయించండి. మసక రంగు పెడితే ఎక్కువకూ మధ్యస్థానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో తెలియదు.

లెక్క కూడా చూసుకోండి. 10 లక్షల ఈవెంట్లు తీస్తే 0.01 శాతం అంటే 100 కణాలు. వాటిని మళ్లీ రెండుగా చీల్చి శాతాలు చెబితే ఆ శాతాలకు విలువ లేదు. 50 లక్షలైనా తీయండి, లేదా ముందే పూసలతో డీపీలు తగ్గించండి.

మజ్జ_మూలం (#9)

పాత్రలో చూసేవాళ్లకు ఒక మాట. ఓపీ9-డీఎల్1 పద్ధతి (నాచ్‌ను తాకే డీఎల్1 పెట్టిన ఓపీ9 కణాల పొర మీద పూర్వకణాల్ని పెంచడం) 2002 నుంచి ఉంది. 20 శాతం సీరం ఉన్న ఆల్ఫా-ఎంఈఎం, ఫ్లిట్3 లైగాండ్ మిల్లీలీటరుకు 5 నానోగ్రాములు, ఐఎల్-7 ఒకటి నుంచి 5 నానోగ్రాములు. నాలుగైదు రోజులకోసారి కణాల్ని జల్లెడ పట్టి కొత్త పొర మీదికి మార్చాలి. ఓపీ9 పొర 80-90 శాతం నిండినప్పుడే వాడాలి. పూర్తిగా నిండి నాలుగు రోజులు వదిలేస్తే కొవ్వు కణాలుగా మారి బుడగలు బుడగలుగా కనిపిస్తుంది, దాని మీద టీ కణాలు ఎదగవు. సీరం బ్యాచ్ మారితే మళ్లీ పరీక్షించుకోవాలి. డీఎల్1తో పాటు పెట్టిన ఆకుపచ్చ జీఎఫ్‌పీని అప్పుడప్పుడూ చూసుకోండి. అది మసకబారితే డీఎల్1 పోతోందన్నమాట, అప్పుడు బీ కణాలు, డీసీలు వస్తాయి. మీరేమో పూర్వకణానికి రెండు శక్తులు ఉన్నాయని రాసుకుంటారు.

రెండు శక్తులు ఒకే కణానివి అనాలంటే ఒక్కో గుంతలో ఒక్కో కణం పెట్టాలి. వంద కణాలు కలిపి పెడితే 95 టీ వైపు, 5 డీసీ వైపు ముందే నిశ్చయమై ఉన్నా ఫలితం అచ్చం ఉమ్మడి తల్లిలాగే ఉంటుంది. మందగా ఎక్కించిన పాత ప్రయోగాలన్నిటికీ ఈ పరిమితి ఉంది.

డీసీ_దారి (#10)

మజ్జ_మూలం గారి చివరి పేరా గోడ మీద అంటించుకోదగ్గది.

ఇంకో దిద్దుబాటు: #2 చదివితే పరీక్ష అంతా దవ్వలోనే జరుగుతుందన్న భావన కలుగుతోంది. కాదు. ఒంట్లో అంతటా ఉండే ప్రతిజనకాల మీద కోపం ఉన్న కణాలు చాలావరకు వల్కలంలోనే, డీపీ దశలోనే పోతాయి. 2008లో దవ్వ ప్రమేయం లేకుండానే వల్కలంలో కణాలు తొలగిపోతాయని చూపించారు, అక్కడ చెదురుమదురుగా ఉండే డీసీలే ఆ పని చేస్తాయి. దవ్వది ప్రత్యేక కణజాల ప్రతిజనకాల పరీక్ష, దానితోపాటు రెగ్యులేటరీ టీ కణాల (మిగతా టీ కణాల్ని అదుపులో పెట్టేవి) తయారీ.

నాచ్_ఒకటి (#11)

సరైన దిద్దుబాటు, ఒప్పుకుంటున్నాను.

వల్కలం_దవ్వ (#12)

మనిషి థైమస్‌కు ఇదంతా యథాతథంగా వర్తిస్తుందా?

మజ్జ_మూలం (#13)

మెట్లు అవే, గుర్తులు వేరు. పిల్లల గుండె శస్త్రచికిత్సలో దారికి అడ్డొస్తుందని తీసే థైమస్ ముక్కలే మనిషి నమూనాలకు ప్రధాన ఆధారం. మనిషిలో సీడీ34 ఉండి సీడీ1ఏ లేనివి మొదటి మెట్టు, సీడీ1ఏ వస్తే టీ వైపు నిశ్చయమైనట్టు. ఒంటి గుర్తు దశలో (డీపీకి ముందు సీడీ4, సీడీ8లో ఒకటే ఉన్న దశ) ఎలుకకు సీడీ8 ముందు వస్తే మనిషికి సీడీ4 ముందు వస్తుంది. ఎలుక ప్యానెల్‌ను యథాతథంగా తెచ్చుకున్నవాళ్లు ఆ కణాల్ని పూర్తయిన సీడీ4 టీ కణాలుగా లెక్కపెడతారు. సీడీ3 పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

డీసీలకు మనిషిలో సీడీ8 ఆల్ఫా పనికిరాదు. సీడీసీ1కు క్లెక్9ఏ, సీడీ141. సీడీసీ2కు సీడీ1సీ. ప్లాస్మసైటాయిడ్‌కు సీడీ123, సీడీ303. 2020లో వచ్చిన మనిషి థైమస్ కణ పటంలో వీటితోపాటు ల్యాంప్3, సీసీఆర్7 ఉన్న ఉత్తేజిత డీసీలూ కనిపించాయి. దవ్వలోని హాసల్ గుండ్రాలు (ఎపిథీలియల్ కణాల గుండ్రటి ముద్దలు) టీఎస్ఎల్‌పీ అనే సంకేత ప్రోటీన్ వదిలి డీసీలను లేపుతాయని, ఆ డీసీలు రెగ్యులేటరీ టీ కణాల్ని తయారుచేయిస్తాయని 2005లో చూపించారు. పాత్రలో మనిషి టీ కణాలు పెంచాలంటే 2017లో వచ్చిన కృత్రిమ థైమస్ ఆర్గనాయిడ్ పద్ధతి ఓపీ9 కన్నా నయం. కణాల్ని గుంపుగా చేసి గాలికీ ద్రవానికీ మధ్య పొర మీద పెడతారు, పరిణతి చెందిన సీడీ8 కణాల దాకా వస్తుంది.

కొత్త_స్లైడు (#14)

ఆఖరి ప్రశ్న. మజ్జ మార్పిడి చేసిన ఎలుకల్లో డీసీ, టీ కణాల వంశం పోల్చాలంటే ఎన్ని వారాలు ఆగాలి?

ఫ్లో_గేటు (#15)

8 వారాలు. రెండు మూడు వారాలకే చూస్తే మోసపోతారు. థైమస్‌లోని కొన్ని తొలి పూర్వకణాలు రేడియేషన్‌ను తట్టుకుని నిలబడతాయి, మొదటి అల టీ కణాలు వాటి నుంచే, అంటే పాత ఎలుక నుంచే వస్తాయి. అదే సమయంలో డీసీలు దాత నుంచి వచ్చి ఉంటే "రెండింటికీ వేరు వేరు మూలాలు" అని అనిపిస్తుంది. తేడా మూలంలో కాదు, సమయంలో ఉంది. దాత మజ్జలోంచి పరిణత టీ కణాల్ని ముందే తీసేయండి. తీయకపోతే అవి తిరిగి థైమస్ దవ్వలోకి చేరి దాత కణాల శాతాన్ని పెంచి చూపిస్తాయి. వేరే చోటు నుంచి తెచ్చిన ఎలుకలైతే వారం రోజులు ఉండనివ్వండి. ప్రయాణపు ఒత్తిడికి స్టెరాయిడ్ పెరిగి డీపీలు కుప్పకూలుతాయి, దాంతో డీసీల శాతం ఉన్నపళాన ఎక్కువైనట్టు కనిపిస్తుంది. శాతంతోపాటు మొత్తం కణాల సంఖ్య కూడా ప్రతిసారీ రాసుకోండి.